బేరమాడని మనిషి

నా సన్నాయికి ధర చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను చిన్నబుచ్చారు. ఒక్కటీ మరచిపోలేదు. బేగం బజార్ వ్యాపారి ఒకాయన కూతురి పెళ్లికి మాట్లాడుతూ, "ఊదుడే కదా, గాలికి గన్ని పైసలా?" అని పక్కవాళ్లను నవ్వించాడు. ఇంకొకాయన మమ్మల్ని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టి, అన్నం పెట్టాను కాబట్టి కొంత తగ్గించుకోమన్నాడు.

నేను తగ్గించలేదు. మేం నలుగురం: సన్నాయి, డోలు, శ్రుతి, తాళం. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఆ రోజుల్లోనూ మా ఇళ్లల్లో పొయ్యి వెలగాలి. అదంతా చూసుకునే ధర చెబుతాను. ఎవరడిగినా ఒకటే మాట.

ఈ ఏడాది ముహూర్తాలు మొదలైనా నా ఫోన్ మోగలేదు. కనీసం బేరమాడి తిట్టేవాళ్లు కూడా లేరు. చివరికి అబిడ్స్ నుంచి పిలుపొచ్చింది. పెళ్లి ఏర్పాట్లన్నీ గుత్తకు తీసుకునే ఆఫీసు అది. నా డోలు విద్వాంసుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. అతన్ని తమ్ముడనే పిలుస్తాను. నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో నాకన్నా ముందు అతనికి తెలుస్తుంది.

పిలిచింది పెళ్లికి కాదు. గట్టిమేళం ఒక్కటి రికార్డు చేసుకుంటారట. వాళ్లే వద్దనాలని నేను కావాలనే మా మామూలు ధరకు మూడింతలు చెప్పాను. మేనేజరు నవ్వలేదు.

"సరే అన్నా. మీరెంతంటే గంతే."

నాకు భయమేసింది. ఇన్నేళ్లలో నా ధరకు మారుమాట చెప్పని మొదటి మనిషి అతనే.

గట్టిమేళం ఎంతసేపుంటుందని అడిగాడు. పంతులు చెయ్యెత్తగానే మొదలై మూడు ముళ్లు పడేదాకా అన్నాను. ఒక్కో పెళ్లికొడుకు చెయ్యి వణుకుతుంది, ఒక్కోసారి తాళి దండలో చిక్కుకుంటుంది. అంతసేపూ ఏ తుమ్మూ ఏ ఏడుపూ వినబడకుండా వాయించాలి.

"గంత ఫికర్ ఎందుకన్నా. ఎంతసేపంటే గంతసేపు మల్ల మల్ల ఏస్తం. ఇగ ఎప్పటికీ మీకు తక్లీఫ్ ఉండదు."

ఎన్ని పెళ్లిళ్లలో వేస్తే అన్నిసార్లు ధర కట్టాలన్నాను. తల అడ్డంగా ఊపాడు. అయితే వద్దని లేచాను. అతను బతిమాలలేదు. నేనంటే ఇజ్జత్, గౌరవం ఉంది కాబట్టి ముందు నన్ను పిలిచాడట. మేం బయటికొస్తుంటే తమ్ముడి ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

నాంపల్లి దాకా నడిచి స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాం.

"అన్నా, నువ్వొద్దంటే ఊదెటోళ్లు దొరకరా?" అన్నాడు తమ్ముడు.

"దొరకనియ్. నీ డోలు లేకుంట ఎవడూదినా అది గట్టిమేళం గాదు."

బల్ల మీద తమ్ముడి ఫోన్ మోగింది. తీసుకుని ఫుట్‌పాత్ మీదికి వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడి మాట్లాడాడు. తిరిగొచ్చాక చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. ఎవరని నేను అడగలేదు. రేపు పొద్దున సాధనకు రాలేనని మాత్రం చెప్పాడు.