ఊరికే అనే ఊరు

మా పక్కింటి బాబాయిగారు పోయారు. పొద్దున మొక్కలకి నీళ్ళు పెట్టి లోపలికొచ్చి, కాఫీ అడిగి, అది వచ్చేలోపు కుర్చీలోనే వెళ్ళిపోయారట. పిన్నిగారు ఫోన్‌లో ఏడవలేదు. "కాఫీ చల్లారిపోతోందే" అన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

బాబాయిగారంటే చుట్టం కాదు. ఫ్రీమాంట్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో, ఫెన్స్ మీంచి కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంటూ వరస కలిపేసుకున్నాం, అంతే. ఆయనకి ఒకటే పిచ్చి, మా పక్క రాష్ట్రం నెవాడా. మేం మొదటిసారి వేగస్ వెళ్తున్నామంటే మా వంక జాలిగా చూశారు. "లైట్లు చూడ్డానికి అంత దూరం దేనికమ్మా? దీపావళికి మా ఇంటికి రండి. నెవాడా చూడాలంటే మాత్రం నాతో రండి."

వెళ్ళాం. దారిలో జూదశాలల ఊరు రీనో రాగానే, పడని చుట్టాల ఇల్లు దాటుతున్నట్టు మొహం బిగించి డ్రైవ్ చేశారు. ఆ తర్వాతే అసలు దారి. గంటల తరబడి ఒకటే రోడ్డు, అటూ ఇటూ బూడిదరంగు తుప్పలు, దూరంగా కొండలు. ఆ ట్రిప్పులో, ఆ తర్వాతి ట్రిప్పుల్లో మా చేత ఇసుక కొండ ఎక్కించారు. ఏనాటివాళ్ళో రాళ్ళ మీద చెక్కిన బొమ్మలు చూపించారు. వేల ఏళ్ళ పైన్ చెట్ల దాకా ఆయాసపడుతూ నడిపించి, మెలితిరిగిన ఒక మానుకి దణ్ణం పెట్టి, "పెద్దవారు, పలకరించండి" అన్నారు. మా ఆయన నిజంగానే "బాగున్నారా అండీ" అన్నాడు! ఎక్కడికెళ్ళినా కూలర్‌లో పిన్నిగారి పులిహోర ఉండాల్సిందే.

కానీ వీటన్నిటికంటే ఆయనకి పేరు లేని చోట్లే ఇష్టం. ఉన్నట్టుండి కారు పక్కకి ఆపేసేవారు. దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, అలా చూస్తూ నిలబడేవారు. ఆ రోడ్డు మీద ఒక మర్యాద ఉంది. ఆగిన కారు కనిపిస్తే, వెనకొచ్చేవాళ్ళు ఆగి, ఏమైనా ఇబ్బందా అని అడిగి గానీ కదలరు. బాబాయిగారు ప్రతివాళ్ళకీ టైర్లు బాగానే ఉన్నాయి, ఇంజిన్ బాగానే ఉంది అని ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ళు సగం నమ్మి వెళ్ళేవారు.

అప్పుడు మా అమ్మాయి కిండర్‌గార్టెన్. "తాతా, వాట్ ఈజ్ దిస్ ప్లేస్?" అంది. "ఊరికేనమ్మా" అన్నారాయన. అంతే, థాంక్స్‌గివింగ్‌ సెలవులకి ఎక్కడికెళ్ళావని అడిగితే మా పిల్ల క్లాసులో "ఊరికే, నెవాడా" అని చెప్పొచ్చింది. మ్యాప్‌లో ఆ ఊరు దొరకడం లేదేమని వాళ్ళ టీచర్ నన్ను అడిగింది. నవ్వాపుకోలేక చచ్చాను. బాబాయిగారైతే పొంగిపోయారు. "చూశావా, నేనూ ఒక ఊరికి పేరు పెట్టాను!" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

పిన్నిగారు ఒక్కసారీ రాలేదు. కారెక్కితే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. "ఆ ఎండలో, ఆ మట్టిలో ఏముందని పోతారో!" అని మూతి తిప్పుతూనే పులిహోర కలిపి పంపేవారు. ఆయన వాదించేవారు కాదు. "చెప్తే తెలిసేది కాదులే" అనేవారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక, ఎక్కడో దూరాన నేపర్‌విల్‌లో ఉండే కూతురు వాళ్ళమ్మని తనతో తీసుకెళ్ళిపోవడానికి టికెట్లు బుక్ చేసింది. ఇల్లు సర్దుతుండగా పిన్నిగారు ఫెన్స్ దగ్గరికొచ్చి మా అమ్మాయిని పిలిచారు. "ఇంతకాలం కాపురం చేశాను. ఆయన దేనికోసం పోయేవారో నాకు తెలీలేదు. నేను వెళ్ళిపోయేలోపు మీ ఊరికే ఏదో నాకూ చూపించవే." ఆవిడని అంత దూరం తిప్పి, తీరా అక్కడ ఏమీ కనిపించకపోతే?

పైగా ఏ చోటికని తీసుకెళ్ళను? మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్. "అమ్మా, రిలాక్స్. మామ్మ ఎక్కడ స్టాప్ అంటే అదే ఊరికే" అంది తన అమెరికా యాసలో.

పిన్నిగారు ముందు సీట్లో, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ అలాగే భరించారు. రీనో దాటి, రోడ్డు తిన్నగా సాగాక కళ్ళు తెరిచారు. కిటికీలోంచి ఆ తుప్పల్నీ, కొండల్నీ చూశారు. తర్వాత, "ఆపమ్మా" అన్నారు.

వాంతి వస్తోందేమోనని కంగారుగా ఆపాను. ఆవిడ దిగి, కొంగు నడుముకి బిగించి, నాలుగడుగులు వేసి నిలబడ్డారు. గాలి తప్ప చప్పుడు లేదు. "ఇంతేనా?" అంటారేమోనని నేను బిక్కుబిక్కుమంటూ వెనకాలే ఉన్నాను.

ఇంతలో ఒక పికప్ ట్రక్ వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన అద్దం దించి, ఏమైంది, సాయం కావాలా అని అడిగాడు. మేం నోరు తెరిచేలోపే పిన్నిగారు వెనక్కి తిరిగారు. కళ్ళనిండా నీళ్ళు.

"ఏం లేదు బాబూ, ఊరికే" అన్నారు, తెలుగులోనే.

ఆయనకేం అర్థమైందో గానీ, టోపీ అంచు ముట్టుకుని వెళ్ళిపోయాడు. పిన్నిగారు మళ్ళీ కొండల వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆ వేళ్ళ మధ్య నిమ్మకాయ ఇంకా అలాగే ఉంది.