ఎండలో చూసే అలవాటు

మా బిడ్డ సుమతి వెబ్‌సైట్లు చేసేది. ఏ పేజీ అయినా చేయించుకున్నవాళ్లకు ఇచ్చే ముందు నన్ను మిద్దె మీది ఎండలోకి లాక్కుపోయి, ఫోన్లో చదవమనేది. బిడ్డ చనిపోయాక ఆ పని తన స్నేహితురాలు షబానా చేస్తోంది. ఈ రోజు మధ్యాహ్నం ఒక విత్తనాల అంగడి పేజీ తెచ్చి, నన్ను మిద్దె ఎక్కించింది.

"అమ్మా, విత్తనాల పేర్లు కనపడతాండాయా?"

"యాడుండాయి తల్లీ? అంతా తెల్లగా ఉండాది."

"అంగడాయన శానా బాగుందన్నాడు. అయినా తప్పు నాదే. రైతులు చేన్లో నిలబడి చూస్తారు గదా! ఇట్లే ఇస్తే సుమతి ఊరుకుంటాదా?"

అక్షరాల రంగు ముదురు చేసి మళ్లీ చూపించేదాకా ఎండలోనే నిలబడ్డాను. బిడ్డ ఉన్నప్పుడు మాడిపోతున్నానని గొణిగేదాన్ని. ఈ రోజు కిందికి దిగబుద్ధి కాలేదు.

మీ ఇంట్లో పోయినవాళ్ల అలవాటు ఎవరి దగ్గరైనా మిగిలిందా? చెప్పండి.