ఎవరి బస్తా వాళ్ళది

బియ్యం బస్తాలెక్కన కొంటే కలిసొస్తుందా అని ఎవరైనా అడిగితే, కలిసొస్తుందనే చెబుతాను. అబద్ధమెందుకు?

ఎనభైల మొదట్లో, అమెరికాలో డెట్రాయిట్ దగ్గర నోవైలో కాపురం పెట్టిన కొత్తలో, నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి సరుకులు తెప్పించుకునేవాళ్ళం. నెలకో ఆదివారం ఎవరో ఒకరు గంటన్నర డ్రైవ్ చేసి రెండు బస్తాల బియ్యం, ఒక బస్తా కందిపప్పు తెచ్చేవారు. మా బేస్‌మెంట్‌లో దుప్పటి పరిచి పంచుకునేవాళ్ళం. పంపకం గంటసేపు, కబుర్లు పొద్దుగూకేదాకా. మిగతా రోజుల్లో మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోతే నాకు పలకరించే దిక్కుండేది కాదు. డ్రైవింగ్ రాదు. మంచు చూస్తూ ఆ ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఇత్తడి మానికతో కొలిచేది. నేనెప్పుడూ పైన పకోడీలు వేస్తూ ఉండేదాన్ని. ఒకసారి తొందరగా కిందికి దిగాను. అందరి సంచుల్లోనూ మానిక గోపురంగా నింపి పోస్తోంది, మాకు మాత్రం అంచు దాకా చేత్తో చదును చేసి పోస్తోంది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది.

"మేమేమన్నా డబ్బులు తక్కువిచ్చామాండీ?" అనేశాను.

ఆవిడ కొలుస్తూనే ఉంది. అందరికీ కొలవడం అయ్యాక, బస్తాల అడుగున మిగిలిన బియ్యమంతా మా సంచిలోకి దులిపింది. సంచి పొంగిపోయింది. ఇల్లిచ్చినవాళ్ళకి అడుగు బియ్యం దక్కాలని ప్రతి నెలా అలాగే చేసేదట. పకోడీలు ఎవరూ ముట్టుకోలేదు. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళిపోయాను.

"ఎందుకొచ్చిన గొడవ, మన బస్తాలు మనమే తెచ్చుకుందాం" అన్నారు మా ఆయన. మూడు బస్తాలు ఒక్కసారే కొంటే రేటు తగ్గింది, నెలనెలా కారు గ్యాస్ ఖర్చూ తప్పింది. మూణ్ణెల్లపాటు మా బేస్‌మెంట్ మెట్లు ఎవరూ దిగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ ఊరికే అనలేదు. ఒంటరితనమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది, అదీ నా చేతులారా తెచ్చుకున్నది.

ఇంకా బస్తాన్నర ఉండగానే, ఒక రోజు ధైర్యం చేసి ఆవిడకి ఫోన్ చేశాను.

"మాకు బియ్యం అయిపోయాయండీ. ఈ నెల పంపకంలో మమ్మల్నీ కలుపుకుంటారా?"

"పంపకం ఎక్కడిదండీ," అందావిడ నెమ్మదిగా. "మీరు మానేశాక అందరం ఎవరి బస్తా వాళ్ళమే తెచ్చుకుంటున్నాం. చవగ్గానే పడుతోంది."

ఆవిడ గొంతు వెనక ఇంట్లో ఏ అలికిడీ లేదు, మా ఇంట్లోలాగే. ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడగాల్సింది అప్పుడే.

"అవునండీ, చవకే" అన్నాను.