వెనక మేడమ్ కారు, ముందు మా సైకిళ్ళు

"ఏమే, ఇట్ల రా. సైకిళ్ళు చూద్దువు గానీ. మేడమ్ వాళ్ళ దేశమే ఇది," అన్నాడు మా ఆయన, టీవీ ముందర కూర్చొని.

"నాకు పొయ్యి మీద పాలుండాయి. నువ్వే చూడు," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. పాలు దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటా నేను వచ్చేసరికి ఆయన తల కుర్చీలో ఒక పక్కకు వాలిపోయింది. ఆయన పోయి మూడేండ్లయింది. నిన్న మా ఆడబిడ్డ టీవీ పెడితే మళ్ళా అదే సైకిళ్ళ పందెం. పచ్చని కొండలు, రాతి కోటలు, వాటి మధ్య దారి నిండా సైకిళ్ళు. ఈసారి నేను యాడికీ లేచి పోకుండా ఆఖరు దాకా కూర్చొని చూసినాను. చూసినాక, ఇది ఎవరికైనా చెప్పుకోవాల అనిపించింది. నాకు సంతకం వరకే వచ్చు. మా ఆడబిడ్డ, అంటే ఆయన చెల్లెలే, పది దాకా చదువుకుండాది. నేను చెప్తాండా, ఆమె రాస్తాండాది. "మా అన్నను తక్కువ చేసి చెప్తే మాత్రం రాయను వదినా" అని ముందే చెప్పేసింది. రాయి అమ్మీ, ఆ మాట కూడా రాయి.

మేము ఖతార్ పోయింది తొంభైల్లో. మా కడప పక్క ఏ అరబ్బు దేశమైనా కువైట్ అనే అంటారు, మా అత్త చనిపోయేదాకా మేము కువైట్‌లోనే ఉన్నామనుకునింది. ముందు ఆయన పోయినాడు, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా. రెండేండ్లకు నేను పోయినాను, వేరే అరబ్బు ఇంట్లో ఇంటిపనికి. ఊరు ఒకటే, దోహానే. అయితే ఏం లాభం? ఆయన ఒక గేటు లోపల, నేను ఇంకో గేటు లోపల. శుక్రవారం వాళ్ళు నమాజుకు పోయినప్పుడు ఆయన నడుచుకుంటా మా గేటు కాడికి వచ్చేవాడు. నేను లోపల, ఆయన బయట, మధ్యలో ఇనుప ఊచలు. తలనొప్పి తగ్గిందా, ఇంటి నుంచి జాబు వచ్చిందా, ఇంతే మాటలు. నేను ఒక రొట్టెలో ఏదో ఒకటి చుట్టి ఊచల్లో నుంచి ఇచ్చేదాన్ని. తినేటప్పుడు అటు తిరిగి తినేవాడు, సిగ్గు. నాలుగేండ్లు ఇట్లే కాపురం చేసినాము. నవ్వద్దు అమ్మీ, దాన్ని కూడా కాపురమే అంటారు.

అప్పుడు అల్ దోహా అల్ జదీదాలో టైలర్ అంగడి కాడ ఎవరో ఆయనకు చెప్పినారంట, మెసైమీర్‌లో ఒక ఫ్రెంచోళ్ళ ఇంట్లో డ్రైవరూ కావాల, పనిమనిషీ కావాల, మొగుడూ పెండ్లామైతే ఇంకా మేలు అని. వీసాలు మార్పించుకునే దానికి ఎంత తిరిగినాడో ఆయనకే తెలుసు. వంటింటి వెనక మాకు ఒక గది ఇచ్చినారు. తలుపుకు లోపలి పక్క గడియ ఉండేది. ఆ గడియను నేను పొద్దున లేస్తానే ఒకసారి తాకి చూసుకునేదాన్ని, కలగాదు కదా అని. మొదటి రోజు ఇద్దరమూ మంచం మీద కూర్చొని, ఊచలు లేకుండా ఏం మాట్లాడుకోవాలో తెలీక ఒకరి మొగం ఒకరు చూసి నవ్వుకున్నాము.

మేడమ్ మంచిది. సన్నగా పుల్ల మాదిరి ఉండేది, ఎండకు ముక్కు ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేది. గోడల నిండా ఫోటోలు పెట్టింది. రాతి వంతెన మీద సైకిల్, ద్రాక్షతోట పక్కన సైకిల్, పాత కోట గోడకు ఆనించిన రెండు సైకిళ్ళు. ప్రతి ఎండాకాలమూ ఆమె, సార్ పదిహేను దినాలు ఊరూరూ తిరుగుతా సైకిళ్ళు తొక్కేవాళ్ళంట. ఎప్పటి రాజులో కట్టిన కోటలంట, దొరికిన కాడ తిని, చీకటి పడిన కాడ పడుకునేవాళ్ళంట. "కార్లుండే వాళ్ళకు ఈ కర్మ ఏంది?" అని నేను అడిగితే మా ఆయన, "తిన్న బ్రెడ్డు అరగద్దా?" అన్నాడు. దోహాకు వచ్చినాక సార్‌కు ఎంతసేపూ డ్యూటీనే. రెండు సైకిళ్ళూ సామాన్ల గదిలో ఇసుక పట్టుకొని పడుండె. మేడమ్ కిటికీ కాడ నిలబడి గంటలు గంటలు బయటికి చూసేది. బయట ఏముంది? ఎదురింటి గోడ. ఒకరోజు నేను గిన్నెలు కడుగుతా ఉంటే వచ్చి, "జూన్, ఐ గో హోమ్. ఫినిష్," అనింది. ఆమె ఫినిష్ అంటే సార్ కూడా పోతాడు. సార్ పోతే మా వీసాలు ఫినిష్. మళ్ళా రెండు గేట్లు, మళ్ళా ఊచలు. నా చేతిలో గిన్నె జారిపోయింది.

గదిలోకి వచ్చి ఏడిస్తే మా ఆయన, "ఆమెకు తోడు లేక కదా ఇదంతా. నువ్వు సైకిల్ నేర్చుకో," అన్నాడు. ముప్పై ఎనిమిదేండ్లకు నేను సైకిల్! తిట్టినాను. ఏం తిట్టినానో ఈమె రాయదులే. తిట్టినా, మర్రోజు పంజాబీ డ్రెస్సు వేసుకొని ఇంటి వెనక ఖాళీ స్థలంలోకి పోయినాను. ఆయన సీటు పట్టుకొని ఎనకాల పరిగెత్తేవాడు. పక్కింటి కాపలాదారు, పఠాన్ ముసలాయన, కుర్చీ వేసుకొని మరీ చూసేవాడు. నేను పడినప్పుడంతా "శాబాష్ బహెన్!" అనేవాడు, పడకుండా పోయినప్పుడు మాత్రం గమ్మున ఉండేవాడు. మోకాళ్ళు రెండూ పగిలినాయి. మా ఆయన కింద కూర్చొని మోకాలి మీద ఊదుతా పాఠం చెప్పేవాడు. ఆ పాఠమంతా డ్రైవర్ పాఠమే. "మలుపు కాడ చెయ్యి చూపించు. మేడమ్ బండి ఎనకాలే పది బారల దూరంలో ఉండు. ముందుకు పోగూడదు, పక్కకు అసలే పోగూడదు. పెద్దోళ్ళ బండి పక్కన మన బండి పెడితే పని ఊడుతుంది." అరబ్బు ఇంట్లో ఆయన నేర్చుకున్నది అది. నేను కూడా ఆ నాలుగేండ్లు మా మామా, అంటే ఆ అరబ్బు ఇంటి యజమానురాలి సంచులు మోసుకుంటా ఆమె ఎనకాలే నడిచినదాన్ని కదా, నాకూ అదే న్యాయం అనిపించింది.

నేను సైకిల్ ఎక్కి మేడమ్ ముందర ఒక చుట్టు తిరిగి చూపించిన పొద్దు ఆమె నన్ను గట్టిగా వాటేసుకునింది. నా ఒళ్ళంతా చెమట. చలికాలంలో ఒక శుక్రవారం, కారు పైన రెండు సైకిళ్ళు కట్టుకొని ముగ్గురమూ ఉత్తరంగా అల్ రువైస్ పోయినాము. చేపల పడవలు, ఆరేసిన వలలు, గాలి నిండా ఉప్పు. ఆడ దించుకొని సముద్రం పక్కన మట్టిదారి పట్టినాము. ముందు మేడమ్, పది బారల వెనక నేను, నా వెనక కారులో మా ఆయన, రెండు పక్కల లైట్లు ఆర్పి వెలిగిస్తా. చూసినోళ్ళు పెండ్లి ఊరేగింపు అనుకోవాల.

ఆ దారిలో పాతకాలం పల్లెలు ఉండాయి. సముద్రపు రాళ్ళతో కట్టిన గోడలు, పైన కప్పు లేదు, మనుషులు లేరు. ఒక్క మసీదు గోపురం మాత్రం నిలబడుండె. మేడమ్ సైకిల్ ఆపి వెనక్కి తిరిగి, "కమ్, కమ్, బిసైడ్ మీ," అని చెయ్యి ఊపింది. నేను వెనక్కి తిరిగి మా ఆయన్ను చూసినాను. కారు అద్దంలో నుంచి వద్దన్నట్టు తల ఊపినాడు. నేను ఆన్నే ఆగిపోయినాను. ఇట్ల మూడుసార్లు. మూడోసారి మేడమ్ సైకిల్ పారేసి, కప్పు లేని ఒక ఇంట్లోకి పోయి కూర్చొని ఏడ్చేసింది. వాళ్ళ ఊర్లలో కూడా ఇట్లాటి పాత గోడలే అంట, అయితే వాటి పక్కన మాట్లాడుకుంటా తొక్కేవాళ్ళంట. ఈడ నేను కూడా ఆమె పక్కకు రానంటే ఇంకెవరు వస్తారు అనింది.

ఆమె ముందర కింద కూర్చొని, నాకొచ్చిన నాలుగు ముక్కల్లోనే చెప్పినాను. "మేడమ్, నో యాంగ్రీ. బిఫోర్, మై హజ్బెండ్ వన్ హౌస్, మీ వన్ హౌస్. గేట్. ఫోర్ ఇయర్." రెండు చేతులూ మొగానికి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లో నుంచి ఊచలు ఎట్ల ఉంటాయో చూపించినాను. "యువర్ హౌస్, వన్ రూమ్. యు గో, రూమ్ మాఫీ." మాఫీ అంటే అరబ్బీలో లేదు అని. ఆమె ఏడుపు ఆపేసింది. నా వేళ్ళ మధ్యలో నుంచి నన్నే చూస్తా ఉండిపోయింది. ఇన్ని నెలలుగా మేము ఎప్పుడూ కలిసే ఉన్నామని అనుకునిందంట పాపం.

లేచి, ముక్కు తుడుచుకొని, నేరుగా కారు కాడికి పోయింది. తలుపు తెరిచి మా ఆయన్ను దిగమనింది. తన సైకిల్ చూపించి, "యు. గో విత్ వైఫ్. ఐ డ్రైవ్," అనింది.

మా ఆయన మొగం సున్నం కొట్టినట్టయింది. "మేడమ్, నో! డ్రైవర్ మీ! యు సిట్!" అంటా తాళాలు ఇవ్వడే! ఆమె ఆయన చేతిలో నుంచి లాక్కొని కారులో కూర్చునింది. గుండెకాయ తీసిచ్చినోడి మాదిరి సైకిల్ ఎక్కినాడు. ఎక్కినా ఊరుకున్నాడా? మూడు తొక్కులకు ఒకసారి వెనక్కి తిరిగి, "మేడమ్, సెకండ్ గేర్! ఇసుక, ఇసుక!" అని అరవడమే. అట్ల అరుస్తా అలవాటు చొప్పున నాకంటే ముందు పోతాండాడు. నాకు రోషం వచ్చింది.

"ఇదిగో, పక్కన రా! ఆమె రమ్మంటే వద్దంటివి. నేనేమన్నా నీ పెద్దోళ్ళ బండా?" అన్నాను.

"దారి సన్నగా ఉండాదే," అన్నాడు.

"సరిపోతాదిలే."

వచ్చినాడు. కొంచెం దూరం పోయినాక వెనక్కి చూడడం మానేసినాడు. ఒక పక్క సముద్రం, ఒక పక్క గోడలు, ఎవరెవరు ఉండి పోయిన ఇండ్లో. ఆయన నా మోకాళ్ళ వైపు చూసి, "నొప్పా?" అన్నాడు. లేదన్నాను. ఎదురుగా పాత కోట కనపడేదాకా ఒక గంటసేపు అట్లనే తొక్కినాము. మేడమ్ హారన్ కొట్టి నవ్వుతా ఉండె.

జూన్‌లో ఆమె వాళ్ళ దేశం పోయింది. పోయే ముందర మా గది తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, "సెప్టెంబర్, ఐ కమ్. యువర్ రూమ్," అనింది. సెప్టెంబర్ దాకా మా ఆయన ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరిగినాడు. స్నానానికి కూడా తీయలేదు. ఇది రాయనంటాండాది ఈమె. రాయి అమ్మీ, నీ అన్నకు దీంట్లో తక్కువేమీ లేదు. ఆమె చెప్పినట్టే వచ్చింది. ఇంకా మూడేండ్లు ఉన్నారు వాళ్ళు. ప్రతి చలికాలమూ పోయేవాళ్ళము, నేను ఆమె పక్కనే తొక్కేదాన్ని. మా ఆయన మాత్రం మళ్ళా ఎప్పుడూ తాళాలు ఇవ్వలేదు.

కాబట్టి మేమిద్దరమూ పక్కపక్కన తొక్కింది ఆ ఒక్క గంటే. తర్వాత ఏండ్లు ఎట్ల పోయినాయో నాకు తెలీదు, అడిగినా చెప్పలేను. ఆ గంట మాత్రం నాకు ఇంకా అయిపోలేదు. ఏం అమ్మీ, ఎందుకు ఆపినావు? కాగితం తడిచిపోతాది, కండ్లు తుడుచుకో. తుడుచుకొని మొదట్నుంచి ఒకతూరి చదివి వినిపించు. తొందర లేదు, నిదానంగానే చదువు.