నా చెయ్యి, నా అన్నం

అమెరికాలోని మోరిస్‌విల్ ఊళ్లో మా ఆఫీసు బ్రేక్‌రూమ్‌కి నిలువెత్తు అద్దాల కిటికీ ఉంది. ఆ కంపెనీలో చేరిన కొత్తలో మధ్యాహ్నం కాగానే చేతులు శుభ్రంగా కడుక్కుని, ఆ కిటికీ పక్కన కూర్చుని, స్టీలు డబ్బాలో అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని తినేదాన్ని.

ఒకరోజు మా టీమ్‌లోనే టెస్టింగ్ చూసే ఒకావిడ వచ్చి నా డబ్బా పక్కన పేపర్ నాప్‌కిన్ పరిచి, దానిమీద ప్లాస్టిక్ ఫోర్కు పెట్టింది.

"డ్రాయర్‌లో ఇంకా బోలెడున్నాయి" అంది నవ్వుతూ.

మంచి మనిషి అనుకున్నాను. థాంక్స్ చెప్పి, ఫోర్కు పక్కకి జరిపి, నా ముద్ద నేను కలుపుకున్నాను. మర్నాడు మళ్లీ ఫోర్కు పెట్టింది. ఆ వారమే మా మేనేజర్ నన్ను తన గదిలోకి పిలిచి, ప్రాజెక్టు సంగతులన్నీ అయ్యాక, అసలు విషయం చివర్లో తెచ్చాడు.

"తప్పని అనడం లేదు. నువ్వు చేత్తో తింటుంటే కొందరికి కొంచెం అన్‌కంఫర్టబుల్‌గా ఉందట. నీకు తెలిస్తే మంచిదని చెబుతున్నా."

సరేనన్నాను. ఆ మర్నాటి నుంచి నా భోజనం పార్కింగ్ లాట్‌కి మారింది. ఏసీ వేసుకుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, స్టీరింగ్‌కి మోచెయ్యి తగలకుండా తినేదాన్ని. తిన్నాక తడి టిష్యూలతో తుడుచుకున్నా చెయ్యి కడుక్కున్నట్టు ఉండేది కాదు.

మా టీమ్‌లో నేను కాక ఉన్న ఇంకో తెలుగమ్మాయిది వరంగల్. ఒకసారి కారు అద్దం తట్టింది.

"అక్కా, ఇట్ల కార్ల కూసొని తింటున్నవేంది?"

చెప్పాను. విని నిట్టూర్చింది.

"స్పూన్‌తోటి తింటే అయిపోతది కదక్కా. మనం హెచ్‌వన్ మీద ఉన్నోళ్లం. గింత దానికి లొల్లి ఎందుకు?"

"లొల్లి నేను పెట్టలేదమ్మా. ఫోర్కు వాళ్లు పెట్టారు."

ఆ అమ్మాయి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. నాకూ అదే వీసా. అయినా ఆవిడ నవ్వుతూ ఫోర్కు పెట్టిన తీరు గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది.

శీతాకాలం మొదట్లో ప్రాజెక్టు రిలీజ్ అయింది. మేనేజర్ అందరినీ పక్క ఊరు క్యారీలో ఒక జపనీస్ రెస్టారెంట్‌కి డిన్నర్‌కి తీసుకెళ్లాడు. అప్పుడే సెలవులకి టోక్యో వెళ్లొచ్చి ఉన్నాడు. ఆ ఊపులో మాకు పాఠం మొదలుపెట్టాడు. వేడి తువ్వాలుతో చేతులు తుడుచుకోవాలట, మొహం కాదట. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదట, చావు జరిగిన ఇంట్లో అలా పెడతారట. పక్కవాడి గ్లాసు మనం నింపాలట, మనది మనం నింపుకోకూడదట. అందరి మధ్య ఉన్న ప్లేట్‌లోంచి తీసుకునేటప్పుడు చాప్‌స్టిక్స్ నోట్లో పెట్టుకున్న కొసతో కాకుండా రెండో కొసతో తీసుకోవాలట.

ఆ చివరిది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అది ఎంగిలి. మా ఇంట్లో ఎంగిలి చెయ్యి గరిటెకి తగిలితే అమ్మ ఊరుకునేది కాదు. తినే చెయ్యి వేరు, వడ్డించుకునే చెయ్యి వేరు. ముద్ద వేళ్ల కొసలు దాటి అరచేతికి అంటకూడదు. పంక్తిలో పక్కవాళ్ల భోజనం అయ్యేదాకా లేవకూడదు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి నేర్పిన మర్యాదలివి. వీటి గురించి ఈ ఆఫీసులో నన్ను ఒక్కరూ అడగలేదు.

సుషీ పళ్లెం వచ్చింది. నాకు శాకాహారం కాబట్టి అన్నంలో దోసకాయ ముక్కలు పెట్టి చుట్టిన రోల్స్ విడిగా తెప్పించారు. మేనేజర్ అన్నం మీద చేపముక్క ఉన్న సుషీ ఒకటి రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

"ఇది చేత్తో తినాలి. అసలు పద్ధతి అదే. అవునా?" అని మా టీమ్‌లోని జపాన్ అమ్మాయిని అడిగాడు.

ఆ అమ్మాయి ఒసాకా నుంచి వచ్చింది. అంతకుముందు ప్రతి రూలుకీ మేనేజర్ ఆమెనే సాక్ష్యం అడిగాడు. ఆమె ప్రతిసారీ తలూపింది. ఈసారీ ఊపింది.

అందరూ చేతులతో మొదలుపెట్టారు. నాకు ఫోర్కు పెట్టిన ఆవిడైతే కళ్లు మూసుకుని నమిలి, "చేత్తో తింటే రుచే వేరు కదా!" అంది.

నాలో ఏదో తెగింది.

"అంటే చేత్తో తినొచ్చన్నమాట" అన్నాను.

"తప్పకుండా" అన్నాడు మేనేజర్.

"నేను రోజూ చేసింది అదే."

ఫోర్కు పెట్టిన ఆవిడ తువ్వాలుతో వేళ్లు తుడుచుకోవడం మొదలెట్టింది. వరంగల్ అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది.

"ఇది వేరు. ఇది వాళ్ల సంప్రదాయం" అన్నాడు మేనేజర్ నెమ్మదిగా.

"అది మా సంప్రదాయం. వేరెలా అయింది?"

సర్వర్ సూప్ తెచ్చింది. దాన్ని ఆసరా చేసుకుని మేనేజర్ మాట మార్చేశాడు. నేను నా రోల్స్ చేత్తోనే తిన్నాను.

జపాన్ అమ్మాయి ఇల్లు మా దారిలోనే. నా కార్‌లో దింపుతానన్నాను. దారిలో ఉత్సాహంగా చెప్పుకుపోయాను. జపాన్ వాళ్లు చేత్తో తింటే గొప్ప, మేం తింటే మొరటు. ఇకనుంచి ఎవరైనా ఏమైనా అంటే జపాన్‌లో చూడండి అంటాను.

ఆమె నావైపు తిరిగింది.

"అలా అనొద్దు, ప్లీజ్. ప్రతి డిన్నర్‌లో నన్ను పరీక్షకి కూర్చోబెడతారు. నాకు సగం రూల్స్ తెలియవు. సుషీ నేను చాప్‌స్టిక్స్‌తోనే తింటాను. చేతికి చేపవాసన నాకు పడదు. ఇప్పుడు నువ్వు కూడా నన్ను సాక్షిగా పిలుస్తావా?"

కోపంగానే అంది. సిగ్నల్ దగ్గర బ్రేక్ కాస్త గట్టిగానే తొక్కాను.

"మరి ఏమనాలి?" అన్నాను.

"నీ అన్నం గురించి నన్నెందుకు అడుగుతావు?" అంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. నిజమే. మేనేజర్‌కి పనికొచ్చిన జపాన్ నాకూ పనికొస్తుందని సంబరపడ్డాను. నా అన్నానికి ఇంకో దేశం పూచీ ఎందుకు?

సోమవారం డబ్బా తీసుకుని బ్రేక్‌రూమ్‌కి వెళ్లాను. చేతులు కడుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు పెరుగన్నం, ఊరమిరపకాయలు. మెత్తగా కలుపుకుని తింటున్నాను. జపాన్ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. కొంచెం రుచి చూస్తావా అని, ఎంగిలి కాకుండా ముందే డబ్బా మూతలో తీసిపెట్టిన అన్నం ఇచ్చాను. ఆమె స్పూన్ తెచ్చుకుని తింది. మిరపకాయ కొరికి దగ్గింది. చేత్తో తినమని నేను అనలేదు.

కాఫీ కోసం వచ్చిన మేనేజర్ మమ్మల్ని చూసి ఆగాడు. డిన్నర్ సంగతి గుర్తొచ్చిందేమో, స్నేహంగానే అన్నాడు:

"ఓ, సుషీలాగా అన్నమాట!"

"కాదు" అన్నాను. "పెరుగన్నంలాగా."

జపాన్ అమ్మాయి పక్కున నవ్వింది. అతను నవ్వాలో వద్దో తెలియక కప్పు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. ఫోర్కు పెట్టిన ఆవిడ నేనున్నప్పుడు దూరం బల్లకి మారిపోతుంది. ఒకసారి మేనేజర్ మళ్లీ వచ్చి, మూలనున్న బల్ల దగ్గర కూర్చుంటే అందరికీ సౌకర్యంగా ఉంటుందేమోనన్నాడు.

"నాకు ఇక్కడే సౌకర్యంగా ఉంది. నేను తినేది చూడలేనివాళ్లకి ఆ బల్ల ఖాళీగానే ఉంది" అన్నాను. "ఇది కంపెనీ రూల్ అయితే రాసివ్వండి."

రాసివ్వలేదు.

ఆ మాట విని వరంగల్ అమ్మాయి కంగారుపడింది. "నిన్ను తీసేస్తరేమో అక్కా!" అంది. తీసేయలేదు. ఆమె ఇప్పటికీ స్పూన్‌తోనే తింటుంది, అయితే నా బల్ల దగ్గరే కూర్చుంటుంది. నిన్న పప్పు, ఆవకాయ తెచ్చాను. కార్‌లో నెలల తరబడి తిన్న ఆవకాయే, అయినా ఆ కిటికీ వెలుగులో వేలికంటిన నూనె నాక్కుంటూ తింటుంటే కొత్తగా అనిపించింది. ఎవరు చూస్తున్నారో నేను తలెత్తి చూడలేదు.