పటాల సేటు గొంతు పోయిన రోజు

మొన్న మా బడికి కొత్త ప్రపంచ పటం వచ్చింది. క్లాసులో దాన్ని విప్పగానే గుడ్డకు పూసిన వార్నిషు వాసన గుప్పుమంది. పిల్లలందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం పటాన్ని సగం విప్పి అలాగే పట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. "టీచర్, మీకు పెయింట్ వాసన ఇష్టమా?" అని ముందు బెంచీలోని పిల్ల అడిగింది. ఇష్టమే. ఆ వాసనలో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక ఇరుకు దుకాణం ఉంది. సీలింగు దాకా చుట్టలు చుట్టి పేర్చిన దేశాలున్నాయి. వాటి కింద కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న నాగభూషణం సేటు ఉన్నారు.

బీఎడ్ అయ్యాక ఒక ప్రైవేటు బడిలో డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు. అది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ నలుగురి ముందు నోరు తెరవాలిగా! చిన్నప్పటి నుంచి నేను డైరీలో తప్ప మాట్లాడింది తక్కువ. చర్చిలో పాటలప్పుడు కూడా పెదవులు కదిలించి ఊరుకునేదాన్ని. ఆ రోజు బోర్డు మీద పాఠం పేరు రాసి వెనక్కి తిరిగాను. అన్ని ముఖాలు ఒక్కసారిగా కనపడేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చివరికి బోర్డు మీద రాసినదాన్నే మళ్లీ చదివి కూర్చున్నాను. టీచర్ కావాలన్న కోరిక ఆ బోర్డు మీదే తుడుచుకుపోయిందనుకున్నాను. మాట్లాడే పని ఉండదని ఎవరో చెబితే పటాల దుకాణంలో చేరాను.

మాట్లాడే పని లేదన్నది ఎంత అబద్ధమో మొదటి రోజే తెలిసింది. సేటు పటం అమ్మరు, పటం కథ చెప్తారు. కొనేవాళ్లు వద్దన్నా చెప్తారు. దుకాణం ముందే వేలాడే ఒక పాత పటం చూసి ఒక సారు, "ఇంకా రష్యా ఇంతున్నదేంది సేటూ? ఇది పాతది గదా!" అని నవ్వాడు. "పాతది గాదు సార్, రష్యా ముందటి జన్మ," అన్నారు సేటు. "అది ముక్కలైన యేడు నా గోడౌన్ నిండ ఇవే. ఏం జెయ్యాలె? పావలాకొకటి పిల్లలకిచ్చిన. ఆ యేడు హనుమకొండల సగం నోటుబుక్కులకు సోవియట్ అట్టలే!"

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరిగినా తన సరుకే పాడవుతుందని సేటు బాధ. అందుకే యుద్ధాలు ఎందుకొస్తాయో ఆయనకు అంత పట్టింపు. గిరాకీ లేని మధ్యాహ్నాలు నేను కౌంటరు కింద పుస్తకం పెట్టుకుని చదువుతుంటే చూసీ చూడనట్టుండేవారు. ఒకరోజు మాత్రం అడిగారు.

"ఏం చదువుతానవ్ బిడ్డా?"

"మొదటి ప్రపంచ యుద్ధం, సేటూ."

"ఎందుకొచ్చిందట?"

"ఆస్ట్రియా యువరాజును కాల్చినందుకు..."

"కాల్చినోడు అగ్గిపుల్ల. పత్తి గోడౌన్ తగలబడితే ఉత్త అగ్గిపుల్ల మీదనే కేసు పెడ్తరా? గంత పత్తి కుక్కి పెట్టిందెవరు? పక్క పక్క గోడౌన్ల నడుమ జాగా లేకుండ కట్టిందెవరు?"

మన ఊళ్లో పత్తి అంటుకుంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్లు లేరు. ఒక మూల పొగ కనిపించిందంటే పక్క షెడ్డువాళ్లు పరుగు మొదలుపెడతారు. కూటములు, ఒప్పందాలు, ఆయుధాల పోటీ అని పరీక్షకు బట్టీపట్టినవన్నీ ఆ మధ్యాహ్నం నాకు ఆనుకుని కట్టిన షెడ్లలా కనిపించాయి. ఇంటికెళ్లి డైరీలో నాలుగు పేజీలు రాశాను.

ఆయన దగ్గర స్వాతంత్ర్యానికి ముందటి ప్రపంచ పటం ఒకటి ఉండేది, అమ్మకానికి కాదు. ఇంగ్లీషువాళ్ల రాజ్యమంతా అందులో లేత ఎరుపు. నిజాం రాజ్యం మాత్రం పసుపు. "మనం వేరే రంగు, సేటూ!" అన్నాను సంబరంగా. ఆయన నవ్వారు. "రంగు వేరే, పెత్తనం ఆళ్లదే. సామ్రాజ్యమంటే ఏందనుకున్నవ్? మన సరుకు మన దగ్గరనే అగ్గువకు కొని, మనకే పిరం అమ్ముడు. గులుగుతే తుపాకి చూపెట్టుడు. గసొంటి సేట్లు ఇద్దరు ఒక్క బజార్లకే వస్తే ఇగ లడాయి గాక ఏమైతది?" తర్వాత తన చెక్క స్కేలును ఆఫ్రికా మీద ఆనించారు. సరిహద్దు స్కేలు అంచుకు అతికినట్టు సరిపోయింది. "వాగో గుట్టో ఉన్నకాడ గీత వంకర పోతది. గీత సీదగున్నదంటే ఏందో తెల్సా? అక్కడున్నోళ్లను అడగలేదని."

జిల్లాలను విడగొట్టినప్పుడు ఆయనకు మన గీతలు కూడా తప్పలేదు. పాలకుర్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొత్త వరంగల్ జిల్లా పటం మీద వేలు పెట్టి వెతికి వెతికి, "మా ఊరు ఏడికి పోయింది సేటూ?" అన్నాడు. "ఏడికీ పోలే పటేలా. గుట్ట గుట్ట కాడనే ఉన్నది, గుడి గుడి కాడనే ఉన్నది. గీతనే నడిచిపోయింది," అని జనగామ పటం చేతికిచ్చారు. పెద్దాయన నవ్వుకుంటూ రెండూ కొనుక్కుని పోయాడు.

మరుసటి చలికాలంలో ఒక కాన్వెంటు సిస్టరు తన ఏడో తరగతి పిల్లలను దుకాణానికి తీసుకొస్తానని కబురు పంపారు. పిల్లలకు సేటు కథ వినిపించి, ఆ తర్వాత పటాలు కొందామని ఆవిడ ఆలోచన. ఆ పొద్దున నేను వెళ్లేసరికి సేటు మెడకు మఫ్లరు చుట్టుకుని, బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి గొంతు మీద చెయ్యి పెట్టుకుని అడ్డంగా తల ఊపారు. గొంతు పోయింది! ఈలోపే పిల్లలు బిలబిలా లోపలికి వచ్చేశారు. సేటు వాళ్లకూ అలాగే గొంతు చూపించి, చెక్క స్కేలు నా చేతిలో పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నారు.

మళ్లీ అవే ముఖాలు, మళ్లీ అదే నాలుక. "సిస్టర్, ఈ అక్కకు కూడా గొంతు పోయిందా?" అని ఎవరో గుసగుసగా అన్నారు. కానీ చేతిలో స్కేలుంది, బల్ల మీద సుద్దముక్కుంది. వంగి, నిలబడ్డ పిల్లల మధ్య నుంచి నేల మీద ఒక సీదా గీత గీశాను. చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు స్నేహితురాళ్లు గీతకు అటొకరు ఇటొకరు అయ్యారు.

"ఇవాళ్టి నుంచి ఇటు మీది ఫ్రెంచివాళ్ల రాజ్యం," అన్నాను. గొంతు చిన్నగా, కీచుగా వచ్చింది. కానీ వచ్చింది. "అటు మీది ఇంగ్లీషువాళ్లది. చేతులు వదిలేయాలి."

"అక్కా, నా టిఫిన్ డబ్బా దాని బ్యాగుల ఉన్నది!"

"ఇప్పుడది వేరే దేశం డబ్బా."

దుకాణమంతా నవ్వు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, "అసలు మమ్మల్ని అడగనేలేదు గదా!" అంది.

ఇక నేను ఆగలేదు. ఆఫ్రికాను ఎక్కడో యూరప్‌లో బల్ల చుట్టూ కూర్చుని పంచుకున్నారని చెప్పాను. వాటా చాలనివాళ్లు, ఇంకా ఎక్కువ కావాలన్నవాళ్లు చివరికి తమలో తామే కొట్టుకున్నారని చెప్పాను. ఆ కొట్లాటలోకి మన దేశాన్ని లాగినప్పుడు మనల్నీ అడగలేదని, యుద్ధం అయ్యాక గెలిచినవాళ్లు మళ్లీ స్కేళ్లు తీసి కొత్త గీతలు గీశారని, వాటిలో కొన్ని ఈ రోజుకీ రగులుతున్నాయని చెప్పాను. సిస్టరు టైము చూపించేదాకా చెబుతూనే ఉన్నాను.

పిల్లలు సందు మలుపు తిరిగారో లేదో, వీధి దద్దరిల్లేలా కేక వినిపించింది. "అరే, రెండు చాయ్ పట్టుకరా! ఒకటి టీచరమ్మకు!"

"సేటూ! మీ గొంతు!"

"వచ్చింది బిడ్డా. నీదొచ్చేదాక ఆగింది."

ఆ వేసవిలో ఇంకో బడిలో డెమో ఇచ్చాను. ఈసారి ముందు సుద్దముక్కతో నేల మీదికి వంగాను. ఉద్యోగం వచ్చింది. చాలా బడుల్లో పటాలకు బదులు గోడ మీద డిజిటల్ తెరలు వచ్చాక సేటు దుకాణం మూసేశారు. అయినా టీవీలో యుద్ధం వార్త వస్తే చాలు, ఫోను చేసేవారు. "మీ బడికి కొత్త మ్యాపు కొననియ్యకు. జర ఆగుమను. గీత తడి ఇంక ఆరలే." పోయిన ఏడాది వానాకాలంలో ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు యుద్ధం వార్త వస్తే నా చెయ్యి ఊరికే ఫోను మీదికి పోతుంది.

మా తొమ్మిదో తరగతి చివరి బెంచీలో రిజ్వానా అనే పిల్ల ఉంది. పరీక్షలో అడిగినదానికి రెండింతలు రాస్తుంది, పేరు పిలిస్తే మాత్రం తల వంచుకుంటుంది. కొత్త పటం వచ్చిన మర్నాడు నేను మెడకు చున్నీ చుట్టుకుని, బుగ్గన కరక్కాయ పెట్టుకుని క్లాసుకెళ్లాను. గొంతు మీద చెయ్యి పెట్టి అడ్డంగా తల ఊపాను. స్కేలు తీసుకెళ్లి రిజ్వానా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

చివరి బెంచీ నుంచి అడుగులు పటం దాకా వచ్చాయి. తర్వాత పటం మీద స్కేలు ఆనిన చప్పుడు, ఆ వెనకే సన్నటి గొంతు. "ఈ గీత... ఇంత సీదా ఎందుకున్నది?"

కరక్కాయ వగరుకు నోరంతా ముడుచుకుపోతోంది. అయినా నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థ పడ్డాను.