సుమియే మొహం మీద వెలుతురెంత?

మురాకోషి నలభై ఏళ్లు కంటితోనే వెలుతురు కొలిచాడు. బడిపిల్లల గుంపు ఫోటోలు, పెళ్ళిళ్ళు, గుడి ఊరేగింపులు, ఏదైనా సరే, తలెత్తి ఒకసారి ఆకాశం చూసి కెమెరాలో అంకె తిప్పేవాడు. వెలుతురు కొలిచే మీటరు మెడలో వేలాడేసుకునేవాళ్ళంటే వేళాకోళం. "అన్నం ఉడికిందో లేదో థర్మామీటరు పెట్టి చూస్తారా?" అనేవాడు.

అంతటి మనిషి ఇవాళ మోకాళ్ళ నొప్పులతో ఒసాకాలో మూడో పాత కెమెరాల కొట్టు మెట్లెక్కుతున్నాడు. మీటరు కోసమే. ఏం చేస్తాడు మరి! సోమవారం భార్య సుమియే ఆస్పత్రిలో చేరుతోంది. అక్కడ ఎక్కించే మందుకి జుట్టు ఊడిపోతుందన్నారు. "జుట్టుండగానే నా పటానికి ఫోటో తీసిపెట్టండి. ఇంకొకరితో తీయించుకుంటే మీకే నామోషీ," అంది. మా వైపు పెద్దవాళ్ళు పోకముందే తీయించుకుంటారు, అందులో వింతేం లేదు.

తీశాడు. మొహం మసిబారి వచ్చింది. "కాల్చకముందే బొగ్గు చేశారు కదండీ!" అని సుమియే నవ్వింది. అతను నవ్వలేదు. ఫిల్ము అమ్మినవాడితో పోట్లాడి, ఇంకో రీలు తెచ్చి మళ్ళీ తీశాడు. మళ్ళీ అదే మసి. ఈసారి ఆవిడా నవ్వలేదు. "నా వల్ల కాదండీ, అలిసిపోయాను," అని పక్కకు తిరిగి పడుకుంది.

మొదటి కొట్టులో కొత్త మీటరు ధర వినగానే వంగి దణ్ణం పెట్టి బయటపడ్డాడు. రెండోదాంట్లో చవగ్గానే ఉంది గానీ, దానికి పట్టే బ్యాటరీ తయారీ ఆగిపోయి ఏళ్ళయిందట. మూడో కొట్టు చినామిది. నోటికి అదుపులేని మనిషి.

"మాస్టారూ, మీకు మీటరా! సూర్యుడు పడమట పొడిచాడా ఏమిటి?"

"నాక్కాదు, మా బంధువుల అబ్బాయికి."

"మరమ్మతు లేదు, వాపసు లేదు" అని రాసిపెట్టిన బుట్టలోంచి చినామి అరచేతిలో పట్టే పాత మీటరొకటి తీసింది. దాని నెత్తిన తెల్లటి బుడగ. బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురు తగిలితే సూది లేస్తుంది. "దీన్ని మనిషి మొహం దగ్గర పెట్టాలి మాస్టారూ. దూరం నుంచి చెప్పదు," అంది.

ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. మబ్బు పట్టి ఉంది. మురాకోషి అలవాటుగా తలెత్తి చూసి "ఎనిమిది" అన్నాడు. సూది నాలుగు దగ్గర ఆగింది.

"చెడిపోయింది."

చినామి తన సొంత మీటరు తెచ్చింది. నాలుగు. అద్దాల బీరువాలోంచి ఖరీదైనది తీసింది. అదీ నాలుగే. అంకె పెరిగేకొద్దీ కెమెరా కన్ను చిన్నదవుతుంది; నాలుగు పెట్టాల్సిన చోట ఎనిమిది పెడితే కెమెరాలోకి వెళ్ళేది పావు వంతు వెలుతురే. మొహం మసిబారక ఏమవుతుంది!

మురాకోషి మెట్టు మీద కూలబడ్డాడు. పోయిన చలికాలంలో రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాడు. అప్పటినుంచి లోకమంతా ఉతికి ఆరేసినట్టు తెల్లగా కనబడుతుంటే సంబరపడ్డాడే గానీ, తన కొలత తప్పిందని తోచలేదు. పాపం, ఆ ఫిల్మువాణ్ణి ఉత్తపుణ్యానికి తిట్టాడు. సిగ్గేసింది. సిగ్గుకన్నా నీరసం ఎక్కువ వచ్చింది.

"ఈ పాతది వెంట్రుకవాసి తక్కువ చూపిస్తుంది," అంది చినామి. "ఎప్పుడు చూసినా అంతే తక్కువ. రోజూ ఒకటే అబద్ధమాడే మొగుడితో కాపురం చెయ్యొచ్చు మాస్టారూ, పూటకొకటి ఆడేవాడితోనే చావు."

"ఇచ్చెయ్యమ్మా."

"ఆ అబ్బాయికేనా?"

"నాకే."

మర్నాడు సుమియే నల్ల కిమోనో కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. అతనెప్పుడూ కెమెరా దగ్గర నిలబడి గద్దించే రకం. ఇప్పుడు తప్పక వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బుడగని ఆవిడ గడ్డం కింద పెట్టాడు. దవడ ఎముకలు పైకి తేలాయి. పెదవుల్లో రక్తం లేదు. రోజూ చూసే మొహమే, ఇంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో. భయమేసింది.

"నన్ను కాదు, సూదిని చూడండి. ఎంతంటోంది?"

"నాలుగు."

"మరి మీ కళ్ళేమంటున్నాయి?"

"ఎనిమిది. నా కళ్ళకి నువ్వు వెలిగిపోతున్నావు."

"అయితే మీటరు మాటే వినండి," అంది సుమియే, మెడ నిటారుగా పెట్టి.

ఎనిమిది పెట్టాలనే ఉంది అతనికి. నాలుగు పెట్టి నొక్కాడు.